కొసాక్కులు వేరు, కజక్కులు వేరు

(చరిత్ర మీద ఆసక్తి ఉన్న మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ్టి విషయం నేను ఎంచుకున్నది కాదు. పోయినసారి రష్యా గురించి మాట్లాడుకుంటుంటే ఒకరు అడిగారు, "కొసాక్కులంటే కజకిస్తాన్ వాళ్లే కదండీ?" అని. ఇద్దరు ముగ్గురు అవునన్నారు, ఒకరు కాదన్నారు. ఆ గొడవ తేలకుండానే లేచిపోయాం. అందుకని జవాబు ముందే చెప్పేస్తాను, మధ్యలో వెళ్లిపోయేవాళ్లకి కూడా పనికొస్తుంది. కాదు. కొసాక్కులు రష్యన్, ఉక్రేనియన్ లాంటి స్లావ్ భాషలు మాట్లాడే ఆర్థడాక్స్ క్రైస్తవులు, రష్యా, ఉక్రెయిన్ దేశాల చరిత్రలో మనుషులు. కజక్కులు తురుష్క భాష మాట్లాడే సున్నీ ముస్లింలు, మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో మందలు తోలుకు తిరిగిన జాతి. అయితే మన మిత్రుడు అడిగినదాంట్లో అర్థం లేకపోలేదు. పేరు ఒక్కటే. అక్షరాలా ఒక్కటే. ఎందుకు ఒక్కటైంది? ఒకే పేరున్న ఈ ఇద్దరూ చివరికి ఒకే నదికి చెరో ఒడ్డున, ఒకరికెదురుగా ఒకరు ఎలా నిలబడ్డారు? నా దృష్టిలో అసలు కథ ఇదే.

"కజాక్" అనేది తురుష్క మాట. రాజును కాదనుకుని, తెగను వదిలి, కత్తిని నమ్ముకుని మైదానాల్లో తిరిగేవాడు కజాక్. కొందరి దృష్టిలో స్వేచ్ఛాజీవి, కొందరి దృష్టిలో దారిదోపిడీగాడు. చూసే కళ్లను బట్టి ఉంటుంది. మొదట్లో అది ఏ జాతికీ పేరు కాదు, బతుకులో ఒక దశకు పేరు. రాజకుమారులు కూడా కొన్నేళ్లు కజాక్‌గా బతికి, మళ్లీ సింహాసనం ఎక్కేవాళ్లు.

అలా బతికిన ఒకాయన మీకందరికీ తెలుసు. ఎవరో చెప్పగలరా? బాబర్. అవునండీ, మన పానిపట్టు బాబరే. తన ఆత్మకథలో తను దేశదిమ్మరిగా తిరిగిన రోజులను చెప్పడానికి ఆయన వాడింది ఈ మాటే. 1504లో ఫర్గానా వదిలి కాబూల్ దారి పట్టినప్పుడు తన వెంట ఉన్నది రెండొందలకు పైన, మూడొందలకు లోపు మనుషులని రాసుకున్నాడు. ఎక్కువమంది కాలినడకనే. చేతుల్లో కర్రలు, కాళ్లకు మోటు తోలు చెప్పులు, భుజాల మీద పొడుగు అంగీలు. అంతమందికీ కలిపి రెండే గుడారాలు. తన గుడారం తల్లికి ఇచ్చేశాడు. ఆ స్థితిలో ఉన్న మనిషి 22 ఏళ్ల తర్వాత ఢిల్లీ గెలిచాడు. కజాక్ అంటే ఏమిటో తెలియాలంటే ఆ రెండు గుడారాలు గుర్తుపెట్టుకోండి చాలు.

ఇక బాబర్‌ని సమర్కండ్ నుంచి తరిమిందెవరు? షైబానీ ఖాన్, ఉజ్బెకుల నాయకుడు. ఆయన తాత పేరు అబుల్‌ఖైర్ ఖాన్. కజక్కుల కథ ఆ తాతగారి దగ్గరే మొదలవుతుంది. 15వ శతాబ్దం మధ్యలో ఇప్పటి కజకిస్తాన్ మైదానాల్లో చాలా భాగం ఆ అబుల్‌ఖైర్ చేతుల్లో ఉండేది. చెంఘిజ్ ఖాన్ వంశానికే చెందిన కెరెయ్, జానిబెక్ అనే ఇద్దరు ఆయనతో పడక, తమవాళ్లను, మందలను తోలుకుని తూర్పుకు వెళ్లిపోయారు. అక్కడ మొఘలిస్తాన్ పాలకుడు ఎసెన్ బుగా వాళ్లకి చూ నది ప్రాంతంలో చోటిచ్చాడు. ఊరికే ఇవ్వలేదు లెండి, తన సరిహద్దులో ఎవరో ఒకరు కాపలా ఉంటే తనకే మంచిది కదా. ఖాన్‌ని వదిలి వెళ్లినవాళ్లని లోకం ఏమంటుంది? కజాక్‌లు అంటుంది. వీళ్లనీ అలాగే అంది. 1468లో అబుల్‌ఖైర్ చనిపోయాక ఆ రాజ్యం చెదిరిపోయి, జనం గుంపులు గుంపులుగా వచ్చి వీళ్లలో కలిశారు. వాళ్ల తిరుగుడు ఆగిపోయింది, రాజ్యం ఏర్పడింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ సంగతులు మనకెలా తెలుసు? రాసిన మనిషి మిర్జా హైదర్ దుగ్లాత్. బాబర్‌కి స్వయానా పినతల్లి కొడుకు. ఆయన కాశ్మీర్‌ను గెలిచి, 1540 నుంచి 1551 దాకా ఏలాడు. ఆ కాలంలో అక్కడే కూర్చుని తన వంశ చరిత్ర రాశాడు. ఆయన సమాధి శ్రీనగర్‌లో ఉంది. కజక్ సుల్తానుల పాలన హిజ్రీ 870లో, అంటే 1465-66లో మొదలైందని ఆయనే రాశాడు. 2014లో పుతిన్ ఒక యువజన శిబిరంలో మాట్లాడుతూ కజక్కులకు అంతకుముందెప్పుడూ సొంత రాజ్యం లేదన్నాడు. మరుసటి సంవత్సరమే, 2015లో, కజకిస్తాన్ ప్రభుత్వం తమ ఖాన్ రాజ్యానికి 550 ఏళ్ల ఉత్సవాలు చేసింది. ఆ 550 లెక్క ఎక్కడిది? ఈ 1465 నుంచే. చూశారా, అక్కడ అంత పెద్ద రాజకీయ వాదానికి ఆధారమైన తేదీ మన కాశ్మీర్‌లో రాసిన పుస్తకంలో ఉంది!

సరే, ఇప్పుడు పడమటికి వెళదాం. రెండు వేల కిలోమీటర్లకు పైనే దాటాలి.

అక్కడ మైదానాల్లో మొదట కజాక్‌లుగా తిరిగినవాళ్లు తాతార్లే, అంటే తురుష్క భాష మాట్లాడే ముస్లింలే. 15వ శతాబ్దం గడిచేకొద్దీ స్లావ్ రైతులు, వేటగాళ్లు, చిల్లర సైనికులు వచ్చి కలవడం మొదలైంది. ఎందుకొచ్చారు? నన్నడిగితే ఒకటే కారణం, భూస్వామి. 1497 నాటి మాస్కో చట్టం ప్రకారం రైతు ఒక యజమానిని వదిలి ఇంకొకరి దగ్గరకు వెళ్లాలంటే ఏడాదిలో రెండు వారాలే గడువు, శరదృతువు చివర సెయింట్ జార్జ్ పండుగకు ఒక వారం ముందు, ఒక వారం వెనక. 1580ల నుంచి ఆ హక్కును నిలిపేస్తూ వచ్చారు. 1649 చట్టంతో పూర్తిగా తీసేశారు. రైతు భూమికి కట్టుబానిస అయిపోయాడు. ఇటు పోలండ్ ఏలుబడిలోని ఉక్రెయిన్‌లోనూ అదే వరస. ఇక మిగిలిన దారేమిటి? దక్షిణానికి పారిపోవడం. అక్కడ ఎవరి పాలనా సరిగా లేని గడ్డి మైదానం ఉంది. దాన్ని "అడవి పొలం" అనేవాళ్లు.

మనం బొమ్మల్లో చూసే కొసాక్కు ఎప్పుడూ గుర్రం మీదే ఉంటాడు కదా. మొదటి కొసాక్కులు పడవలవాళ్లండీ! ద్నీపర్ నదిలో కొండరాళ్ల మీదుగా నీళ్లు దూకే చోటు ఒకటుంది, దాని దిగువన లంకల్లో ఉండేవాళ్లు. జపరోజ్యే అంటేనే ఆ రాళ్ల అవతలి చోటు. 1550లలో విష్నెవెత్స్కీ అనే ప్రభువు అక్కడొక లంకలో కోట కట్టాడు. తర్వాత సిచ్ అనే స్థావరం స్థిరపడింది. ఆడవాళ్లకు ప్రవేశం లేదు. నాయకుణ్ణి గుంపంతా చేరి ఎన్నుకునేవాళ్లు, నచ్చకపోతే దించేసేవాళ్లు. అక్కడి నుంచి రెల్లు మోపులు కట్టిన పడవల్లో నల్లసముద్రం దాటి, 1615లో ఏకంగా ఇస్తాంబుల్ శివార్లను తగలబెట్టి వచ్చారు. సుల్తాన్ గారి కిటికీలోంచి పొగ కనిపించి ఉంటుంది, ఊహించుకోండి.

డాన్ నది మీద ఇంకొక గుంపు, యాయిక్ నది, అంటే ఇప్పటి ఉరల్ నది మీద ఇంకొకటి. డాన్ కొసాక్కుల్లో ఒక మాట ఉండేది, "డాన్ నుంచి ఎవర్నీ అప్పగించేది లేదు" అని. పారిపోయి వచ్చినవాడు ఎవరైనా సరే, వెనక్కి పంపరు.

ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించే తేడా ఒకటుంది. మతం, భాష అందరూ చెప్పేవే. అవి కూడా గట్టి గీతలు కావు. డాన్ కొసాక్కుల్లో బౌద్ధులైన కల్మిక్కులు ఉన్నారు, ఉరల్, ఒరెన్‌బుర్గ్ దళాల్లో ముస్లిం తాతార్లు, బష్కీర్లు ఉన్నారు. అసలు తేడా ఏమిటంటే, కొసాక్కుల్లో చేరడానికి వచ్చినవాణ్ణి నీ తండ్రెవరని అడగరు. గతం తెంచుకుని రావడమే అర్హత. కజక్కుల్లో మొదటి ప్రశ్నే తండ్రి గురించి. తండ్రి ఒక్కడే కాదు, ఏడు తరాల తాతల పేర్లు గడగడా చెప్పాలి. దీన్ని "జెతి అతా", ఏడుగురు తండ్రులు అంటారు. ఆ ఏడు తరాల లోపు పెళ్లి కుదరదు. మన సగోత్రం పట్టింపు లాంటిదే అనుకోండి. వంశాలన్నీ కలిసి తెగలు, తెగలన్నీ కలిసి మూడు "జూజ్‌"లు, పెద్ద, నడిమి, చిన్న. ఖాన్ కావాలంటే చెంఘిజ్ వంశం వాడే కావాలి. వాణ్ణి తెల్లటి ఉన్ని కంబళి మీద కూర్చోబెట్టి పైకెత్తి ఖాన్‌గా ప్రకటించేవాళ్లు. అంటే ఒకరిది పుట్టుకతో వచ్చే సమాజం, ఇంకొకరిది చేరితే వచ్చే సమాజం. పేరు మాత్రం ఒకటే!

గుర్రం సంగతి కూడా చూడండి. ఇద్దరూ గుర్రం మనుషులే అంటాం. కజక్కుకు గుర్రం వాహనం, పాలు, మాంసం అన్నీను. ఆడగుర్రం పాలను పులియబెట్టి కుమిస్ తాగుతారు, గుర్రం మాంసం పండుగ భోజనం. వాళ్ల ఊరు, "అవుల్", మందతోపాటే కదులుతుంది. చలికాలం ఒకచోట, వేసవికి వందల కిలోమీటర్ల అవతల ఇంకోచోట. కొసాక్కుల ఊరు, "స్తనీత్స", కదలదు. గుడి ఉంటుంది, చర్చి గంట ఉంటుంది. తర్వాతి కాలంలో కొసాక్కుకు గుర్రం అంటే ఒక బాధ్యత. సైన్యంలోకి పిలిచినప్పుడు గుర్రం, జీను, కత్తి, యూనిఫారం తన డబ్బుతోనే కొనుక్కుని రావాలి.

సైన్యం అన్నాను కదా, అక్కడికే వస్తున్నా. రాజును కాదని పారిపోయినవాళ్లు రాజు సైన్యంలోకి ఎలా వచ్చారు?

మెల్లమెల్లగా. మొదట జార్ వాళ్లకి ఏటా ధాన్యం, తుపాకిమందు, డబ్బు పంపేవాడు. దక్షిణ సరిహద్దులో తాతార్లని ఆపే పని చౌకగా జరిగిపోతుంది కదా. 1581 ప్రాంతంలో యెర్మాక్ అనే కొసాక్కు నాయకుడు సైబీరియా మీదికి వెళ్లాడు. అతన్ని పంపింది జార్ కాదు, స్త్రోగనోవ్‌లనే ఉప్పు వ్యాపారుల కుటుంబం. గెలిచాక ఆ గెలుపు జార్ ఖాతాలో పడింది. 1654లో ఖ్మెల్నిత్స్కీ నాయకత్వంలోని ఉక్రెయిన్ కొసాక్కులు పోలండ్ మీద తిరుగుబాటులో సాయం కోసం మాస్కో చేయి పట్టుకున్నారు. పట్టుకున్న చేయి వదల్లేదు. ఏ చేయి వదల్లేదో మీకే తెలుసు.

తిరగబడలేదా అంటే, ఎందుకు తిరగబడలేదు! రష్యాలో పెద్ద రైతు తిరుగుబాట్లన్నీ కొసాక్కులు నడిపించినవే. స్తెంకా రాజిన్ డాన్ కొసాక్కు, 1671లో మాస్కోలో ముక్కలుగా నరికారు. పుగచ్యోవ్ కూడా డాన్ కొసాక్కే, యాయిక్ మీదికి వచ్చి, చనిపోయిన జార్ మూడో పీటర్‌ని నేనేనంటూ 1773లో జెండా ఎత్తాడు. అతను కజక్ ఖాన్‌కి కూడా ఉత్తరాలు పంపాడు. ఖాన్ గోడమీద పిల్లిలా కూర్చున్నా, కజక్కుల్లో కొందరు అతని వెంట నడిచారు. 1775 జనవరిలో పుగచ్యోవ్ తల తీసేశారు. మహారాణి కేథరిన్‌కి కోపం అక్కడితో చల్లారలేదు. ఆ నది పేరు కూడా వినబడకూడదంది. యాయిక్‌ని ఉరల్ అని మార్చేశారు, యాయిక్ కొసాక్కులు ఉరల్ కొసాక్కులయ్యారు. అదే ఏడాది జపరోజ్యే సిచ్‌ని కూడా నేలమట్టం చేశారు. కజక్కులు మాత్రం ఆ నదిని ఇవాళ్టికీ జాయిక్ అనే పిలుస్తారు. కేథరిన్ ఆజ్ఞ నది దాటి వాళ్ల నోటిదాకా పోలేదు!

ఆ తర్వాత కొసాక్కు అంటే ఒక సైనిక కులం. పన్ను లేదు, భూమి ఇస్తారు, బదులుగా పుట్టిన ప్రతి మగవాడూ దాదాపు ఇరవై ఏళ్లపాటు సేవ చెయ్యాలి. ఆ సేవ ఎక్కడ? ఉరల్, ఒరెన్‌బుర్గ్, సైబీరియా కొసాక్కులకైతే కజక్ మైదానం అంచున. కాస్పియన్ ఒడ్డు నుంచి ఉరల్ నది వెంబడి పైకి, ఒరెన్‌బుర్గ్ మీదుగా, అక్కణ్ణుంచి ఓంస్క్, ఇర్తిష్ నది వెంబడి సెమిపలాతిన్స్క్ దాకా, ఆ పైన అల్తాయ్ కొండల దాకా కోటల వరస. ఓంస్క్ 1716లో, సెమిపలాతిన్స్క్ 1718లో కట్టారు. ఆ వరసలో ఒక భాగం పేరు "చేదు గీత". అక్కడి చెరువుల నీళ్లు చేదు కాబట్టి ఆ పేరు. కజక్కులకి వేరే అర్థంలో కూడా చేదే. ఇర్తిష్ ఒడ్డు వెంట పది వెర్స్తుల మేర, అంటే పది కిలోమీటర్లకు కాస్త పైన, కొసాక్కుల భూమి అన్నారు. చలికాలంలో మందలకు దిక్కు ఆ నది ఒడ్డున ఉండే పచ్చికే. ఇప్పుడు అక్కడ మేపాలంటే అనుమతి కావాలి, డబ్బు కట్టాలి. ఉరల్ దగ్గరా అంతే, 1756లో కజక్కులు నది దాటి లోపలి ఒడ్డుకు రాకూడదని ఆజ్ఞ వేశారు.

చిన్న జూజ్ ఖాన్ అబుల్‌ఖైర్ 1731లో రష్యా మహారాణికి విధేయత ప్రమాణం చేశాడు. మళ్లీ అబుల్‌ఖైరేనా అనకండి, ఈయన వేరు! తూర్పు నుంచి జుంగార్లనే మంగోలు తెగలవాళ్లు వచ్చి ఊచకోత కోస్తుంటే రక్షణ కోసం చేశాడు. అది తాత్కాలిక పొత్తు అని ఆయన, శాశ్వతంగా దాసోహమని అప్పటి రష్యా రాజధాని పీటర్స్‌బర్గ్. ఆ తర్వాత వందేళ్లకి, 1837 నుంచి 1847 దాకా కెనెసరీ అనే కజక్ ఖాన్ ఆ కోటల మీద యుద్ధం చేశాడు, ఓడిపోయాడు.

అయితే రోజూ కత్తులు దూసుకున్నారనుకోకండి. వందేళ్లు పక్కపక్కన బతికితే ఏమవుతుంది? ఉరల్, సైబీరియా కొసాక్కుల్లో చాలామంది కజక్ భాష ధారాళంగా మాట్లాడేవాళ్లు. కజక్కుల అంగీలు వేసుకునేవాళ్లు, కుమిస్ తాగేవాళ్లు. కొసాక్కుకీ కజక్కుకీ మధ్య "తమిర్" అనే స్నేహ సంబంధం ఉండేది, ఒకరికొకరు కానుకలు ఇచ్చుకునేవాళ్లు, రాకపోకలు ఉండేవి. కజక్ పేదలు కొసాక్కుల పశువులు కాసేవాళ్లు.

ఉరల్ కొసాక్కుల చేపల వేట గురించి చెప్పకుండా ఉండలేను, ఓ రెండు నిమిషాలు ఓర్చుకోండి. ఉరల్స్క్ పట్నం దగ్గర నదికి అడ్డంగా కొయ్యలతో దడి కట్టేవాళ్లు, స్టర్జన్ చేప పైకి పోకుండా. ఆ చేప గుడ్లే కేవియర్. చలికాలంలో చేపలు నది మడుగుల్లో గుంపుగా పడుకుంటాయి. అవి బెదరకూడదని నది దగ్గర చప్పుడు నిషేధం. స్టీమరును ఆ నదిలోకి రానిచ్చేవాళ్లే కాదు. వేట రోజున వేలమంది ఒడ్డున వరసగా, చేతుల్లో పొడుగాటి గెడకొక్కేలు పట్టుకుని, కదలకుండా నిలబడేవాళ్లు. ఫిరంగి పేలింది, అంతే! అందరూ ఒక్కసారిగా మంచు మీదికి దూకి, గునపాలతో కన్నాలు కొట్టి, కొక్కెం నీళ్లలోకి దించి, తగిలిన చేపను లాగడం. మొదటి వేట జార్‌గారిది, ఆ చేపలూ గుడ్లూ బళ్ల మీద పీటర్స్‌బర్గ్ వెళ్లేవి. నది మొత్తం ఆ కొసాక్కుల ఉమ్మడి ఆస్తి. మరి అదే నది అవతలి ఒడ్డున ఉన్న కజక్కుకి? చేపలో వాటా లేదు. ఈ ఇద్దరి సంబంధం ఎలాంటిదో నాకు ఈ ఒక్క సంగతిలో తెలిసినంతగా ఒప్పందాల్లో తెలియలేదు.

ఇప్పుడు పేరు దగ్గరికి మళ్లీ రావాలి. రష్యా ప్రభుత్వానికి ఒక ఇబ్బంది వచ్చింది. తన సైనికుడి పేరూ కజాక్, ఎదురుగా ఉన్నవాడి పేరూ కజాక్. కాగితాల్లో ఎవరెవరని రాయాలి? అందుకని కజక్కులకు పొరుగువాళ్ల పేరు తగిలించారు, "కిర్గిజ్" అని, లేదా "కిర్గిజ్-కైసాక్" అని. మరి అసలు కిర్గిజ్‌లు? వాళ్లని "కారా కిర్గిజ్" అన్నారు, అంటే నల్ల కిర్గిజ్‌లు. రెండొందల ఏళ్ల పాటు ఒక జాతి సొంత పేరు సర్కారు కాగితాల్లో లేదు. పాత ప్రయాణ గ్రంథాల్లో కిర్గిజ్ అని కనబడితే, నూటికి తొంభైసార్లు అది కజక్కు గురించే, జాగ్రత్త.

1920లో సోవియట్‌లు ఏర్పాటు చేసిన రిపబ్లిక్ పేరు కూడా కిర్గిజ్ రిపబ్లిక్కే, రాజధాని ఒరెన్‌బుర్గ్. 1925లో కజక్ అన్న పేరు తిరిగొచ్చింది. 1936లో రష్యన్ రాతలో మళ్లీ ఒక మార్పు, చివరి "క"ని "ఖ" చేశారు, కొసాక్కుతో కలిసిపోకుండా. ఇవాళ లోకమంతా రాసే కజఖ్ అందులోంచి వచ్చిందే. కజక్ భాషలో మాత్రం అలాంటి మార్పేమీ లేదు.

తర్వాతి కథ ఇద్దరికీ చీకటే. 1919 జనవరిలో బోల్షివిక్కులు కొసాక్కుల మీద సామూహిక అణచివేతకు ఆదేశం ఇచ్చారు. కజక్కుల పని 1930-33లో అయింది. మందలు లాక్కుని, తిరిగే జనాన్ని బలవంతంగా ఒకచోట కూర్చోబెడితే వచ్చిన కరువులో 15 లక్షల మంది దాకా చనిపోయారు. వాళ్లలో అత్యధికులు కజక్కులే. జాతిలో మూడో వంతుకు పైగా పోయింది. 1959 నాటికి సొంత రిపబ్లిక్‌లో వాళ్లు సుమారు 30 శాతం. ఇప్పుడు 70 శాతం దాకా ఉన్నారు.

ఏదో అడుగుతున్నారు? ఆఁ, ఇప్పుడు కజకిస్తాన్‌లో కొసాక్కులు ఉన్నారా అని. మంచి ప్రశ్న. ఉన్నారు. ఆ పాత కోటల వరస ఉన్న ఉత్తరపు పట్నాల్లో, అల్మాటీ చుట్టుపక్కల. అల్మాటీ కూడా 1854లో వెర్నీ అనే రష్యన్ కోటగా మొదలైందే. మన పిల్లలు వైద్యం చదవడానికి వెళ్లే సెమెయ్ ఉంది చూశారూ, అది ఇందాక చెప్పిన సెమిపలాతిన్స్కే. సోవియట్ యూనియన్ పోయాక చాలామంది రష్యా వెళ్లిపోయారు, కొందరు ఉండిపోయారు. 1991 సెప్టెంబరులో, ఇంకా స్వతంత్రం ప్రకటించకముందే, ఉరల్స్క్‌లో ఒక ఉత్సవం పెట్టారు, ఉరల్ కొసాక్కులు జార్ కొలువులో చేరి 400 ఏళ్లయిందని. దానికి రష్యా నుంచి కూడా కొసాక్కులు వచ్చారు. మా నేల మీద జార్ కొలువుకు పండగేమిటని కజక్కులు వేరే ఊళ్ల నుంచి కూడా తరలివచ్చి వీధుల్లో నిలబడ్డారు. పెద్ద గొడవ కాకుండా ఎలాగో సర్దుబాటు చేశారు. ఇప్పుడు ఆ ఊరి కజక్ పేరు ఓరాల్.

ఇంకెవరైనా ఏమైనా అడుగుతారా?